జ్వరాల మామ చెయ్యి

ఆ ఎండాకాలం మా ఇంట్లో మొదట కాలింది పోస్ట్‌మాస్టరు గారి తెల్లచొక్కా.

వీపు మీద, సరిగ్గా మధ్యలో, ఇస్త్రీ పెట్టె ఆకారంలో గోధుమరంగు మచ్చ పడింది. నాన్న చొక్కాను ఎత్తి వెలుతురుకు పట్టుకున్నాడు. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు. మడిచి బల్ల కిందకు తోసి, మళ్లీ తీసి బల్ల మీదే పెట్టాడు. నాన్న చేతిలో బట్ట కాలడం నేను పుట్టాక చూడలేదు. అమ్మ, తను కాపురానికి వచ్చాక కూడా చూడలేదంది.

"ఏంటి మామా ఇది?" అన్నారు సాయంత్రం పోస్ట్‌మాస్టరు గారు. "నా వీపు మీద వాత పెట్టాలని ఎన్నాళ్ల నుంచి చూస్తున్నావు?"

"బట్టలో నూలు తక్కువండి. పైకే నూలు. లోపలంతా ప్లాస్టిక్కు."

"కొన్నప్పటి నుంచీ నువ్వే చేస్తున్నావు కదయ్యా! ఇన్నాళ్లూ లేని ప్లాస్టిక్కు ఇవాళ ఎక్కడి నుంచి ఊడిపడింది?"

నాన్న నవ్వాడు. ఆయన నవ్వాడు కాబట్టి పోస్ట్‌మాస్టరు గారూ నవ్వేశారు. "సర్లే, పైన కోటు తగిలించుకుంటా. నా వీపు చూసేవాడెవడు" అంటూ వెళ్లిపోయారు. నేను తలుపు వెనక నిలబడి ఇదంతా విన్నాను. నేనెప్పుడూ తలుపు వెనకే. ఇంటికి ఎవరొచ్చినా అక్కడి నుంచే చూస్తానని వీధిలో నాకు తలుపు పిల్ల అని పేరు పెట్టారు.

మా ఇల్లంటే రెండు గదులు, ముందొక వరండా. అన్నింటి మీదా ఒకే రేకుల కప్పు. మధ్యాహ్నానికి రేకు కింద గాలి కూడా కాలేది. ఆ వరండాలోనే ఇస్త్రీ బల్ల. బల్ల మీద మడిచిన గొంగళి, దాని మీద పాత దుప్పటి. పెట్టె ఇత్తడిది, తాతయ్య నాటిది. కడుపు నిండా బొగ్గులు పోసి, మూత బిగించి, పైనున్న చెక్క పిడి పట్టుకుని తోయాలి.

పెట్టె కాకను నాన్న రెండు రకాలుగా చూసేవాడు. నీళ్లలో ముంచిన వేలితో అడుగును అలా తాకితే 'చుయ్' మంటుంది. ఆ చప్పుడు సాగితే పట్టుకు సరిపోతుంది, చిటుక్కున తెగితే నూలుకు. అది చెవి పని. రెండోది ఎడమ అరచేతి పని. పెట్టెకు జానెడు ముందు ఆ చెయ్యి బట్టను సాపు చేసుకుంటూ పోతుంది. బట్ట ఎంత వేడి తాగిందో దానికి తెలుస్తుంది. తెలిసీ తెలియగానే పెట్టె లేస్తుంది. నూలు ఓపిక గలది, పట్టు పిరికిది, నైలాను దొంగది అనేవాడు నాన్న. నైలాను ఏమీ ఎరగనట్టు పడుకుని, ఒక్కసారిగా కరిగి పెట్టెకు అతుక్కుంటుందట.

ఆ అరచెయ్యి మా వీధికంతా పనికొచ్చేది. పిల్లల ఒళ్లు వెచ్చబడితే ఎత్తుకుని ముందు మా వరండాకే వచ్చేవాళ్లు. అందుకే నాన్నను జ్వరాల మామ అనేవాళ్లు. నాన్న పెట్టె పక్కన పెట్టి, కుండలో నీళ్లతో చెయ్యి కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుని, కాసేపు ఊరికే నిలబడేవాడు.

"పెట్టె వేడి చేతిలోంచి దిగిపోవాలి. లేకపోతే ఎంత జ్వరం ఉన్న ఒళ్లయినా నాకు చల్లగానే ఉంటుంది" అనేవాడు.

ఆ తర్వాతే నుదుటి మీద చెయ్యి. ఉందంటే ఉన్నట్టు, లేదంటే లేనట్టు.

బడిలో మా సైన్సు టీచరమ్మ కూడా మూడు గిన్నెల నీళ్లు పెట్టి ఇదే చూపించింది. ఒక చెయ్యి వేడినీళ్లలో, ఒక చెయ్యి చన్నీళ్లలో కాసేపు ఉంచి, రెండూ తీసి గోరువెచ్చని నీళ్లలో ముంచమంది. అవే నీళ్లు ఒక చేతికి చల్లగా, ఇంకో చేతికి వేడిగా తగిలాయి. "చెయ్యి వేడిని కొలవదు. తనలోకి వేడి వస్తోందో, తనలోంచి పోతోందో అంతవరకే చెప్తుంది" అంది. ఇంటికొచ్చి చెబితే నాన్న మురిసిపోయాడు. "అయితే మన పని పుస్తకాలకెక్కిందన్నమాట!"

చొక్కా కాలిన కొన్నాళ్లకు, పొద్దున్నే, ఇంకా బొగ్గులు రాజేయకముందు, ఎదురింటి టైలరమ్మ కూతుర్ని చంకనేసుకుని వచ్చింది.

"మామా, దీన్ని చూడు. తెల్లారినప్పటి నుంచి మూలుగుతోంది."

నాన్న చెయ్యి కడుక్కున్నాడు, తుడుచుకున్నాడు, నిలబడ్డాడు. కానీ నుదుటి మీద చెయ్యి పెట్టలేదు. వంగి తన చెంప ఆనించాడు.

"ఇదేంటి మామా, ముద్దు పెట్టి చూస్తున్నావు?"

"చేతికి బొగ్గుమసి. పిల్ల మొహం నల్లగా చేశానని మళ్లీ నువ్వే తిడతావు."

"దాని మొహం ఎప్పుడు తెల్లగా ఉంది గనక, మట్టిలోంచి లేస్తేగా!"

"జ్వరం ఉందమ్మా. గట్టిగానే ఉంది. ఆస్పత్రికి తీసుకెళ్లు."

ఆయన చేతికి అప్పుడు మసి లేదు. కడుక్కోవడం నేను చూశాను. అయినా ఆయన చెప్పింది నిజమైంది. పిల్లకు నిజంగానే జ్వరం. నేను ఆ సంగతి అంతటితో మరిచిపోయాను.

ఆ కాలంలో మా ఇంట్లో పాప ఉండేది. మా అక్క కూతురు. ఇంకా బోర్లా పడటం కూడా రాలేదు. బావ లారీ మీద తిరుగుతుంటాడు, నెలకోసారి వస్తాడు. అందుకని అక్క మా దగ్గరే ఉంది. పాప ఎవరు ఊపినా ఏడ్చేది, నాన్న గుండెల మీద పడుకోబెట్టుకుంటే మాత్రం ఊరుకునేది. "నా కడుపున పుట్టి దీనికి నేను పనికిరాను, ఈ బొగ్గుల వాసనే కావాలి దీనికి" అని అక్క మూతి తిప్పేది. నాన్న మొహం వెలిగిపోయేది.

ఒక మధ్యాహ్నం నాన్న బొగ్గుల బస్తా తేవడానికి పెరట్లోకి వెళ్లాడు.

"ఒసే, బల్ల దగ్గర నిలబడవే! పెట్టె బట్ట మీదే వదిలేశాడేమో చూడు!" అని అమ్మ లోపలి నుంచి కేకేసింది.

వీధికి ఎదురుగా నిలబడాలంటే నాకు ప్రాణసంకటం. తల దించుకుని వెళ్లాను. పెట్టె నిజంగానే ఒక దుప్పటి అంచు మీద ఉంది. ఎత్తుదామని పిడి పట్టుకున్నాను.

ఆ తర్వాత పెట్టె నేల మీద ఉంది. నిప్పులు వరండా అంతా దొర్లుతున్నాయి. అరిచింది నేనేనని ఆలస్యంగా తెలిసింది.

నాన్న పరుగెత్తుకొచ్చాడు. నేను బట్టల మీద నీళ్లు చిలకరించే గిన్నెలోంచి తడిగుడ్డ లాగి, పెట్టె ఎత్తబోయాను.

"తడిది వద్దు! తడిగుడ్డలోంచి వేడి తన్నుకొస్తుంది. పొడిది, నాలుగు మడతలు వెయ్యి..." అంటూనే ఆయన వంగి, ఉత్త చేత్తో పెట్టెను ఎత్తి బల్ల మీద పెట్టాడు. తొందరేమీ పడకుండా, ఎప్పుడూ పెట్టినట్టే.

నేను పిడి వైపు చూశాను. చెక్క అడుగు భాగం కాలి, పెచ్చు ఊడిపోయి ఉంది. లోపలి ఇనుప కడ్డీ బయటపడింది. చెయ్యి పడేది సరిగ్గా దాని మీదే. పొద్దున్నుంచీ నాన్న ఆ కడ్డీని పట్టుకునే పని చేస్తున్నాడు.

"నాన్నా, నీ చెయ్యి చూపించు."

"ముందు నీది పెట్టు నీళ్లలో." నా చెయ్యి మణికట్టు దాకా కుండలోకి దించాడు. పక్కనే ఆయన చెయ్యి కనపడింది. అరచేతికి అడ్డంగా చర్మం తెల్లబడి, ఒకచోట పొక్కు చిట్లి లోపల ఎర్రగా ఉంది.

"నొప్పిగా లేదా?"

"నొప్పి ఉంటే బాగుండేదమ్మా."

నిప్పులు అట్టముక్కతో తోస్తూ, నా వైపు చూడకుండా చెప్పాడు. చలికాలంలో వేళ్ల చివర్లు మొద్దుబారాయట. చలికేమో అనుకున్నాడట. "చలి పోయింది, ఇది పోలేదు. పైగా లోపలికొస్తోంది."

ఆ సాయంత్రం నా అరచేతికి మందు రాసి గుడ్డ చుడుతుంటే అమ్మతో అదంతా చెప్పాను. అమ్మ చేతులు ఆగలేదు.

"నాకు తెలియదనుకున్నావా? ఎన్నాళ్ల నుంచి ఆయనకి టీ చల్లార్చి ఇస్తున్నాను! మొన్న చెప్పులోకి నిప్పురవ్వ పడి కాలి వేలు కాలితే, ఆయనకంటే ముందు వాసన నాకొచ్చింది."

అక్క పెరట్లో పాపకు స్నానం చేయిస్తుండగా అమ్మా నాన్నా గొంతులు తగ్గించి వాదించుకున్నారు. నేను తలుపు వెనక ఉన్నాను.

"పెద్దదానికి చెప్పు. పాప పగలంతా నీ చేతుల్లోనే ఉంటుంది."

"చెబితే మళ్లీ ఇస్తుందా నాకు?"

"ఇవ్వదు. ఇవ్వకూడదు కూడా."

నాన్న గొంతు ఇంకా తగ్గించి అన్నాడు. "చేతులు మొద్దుబారాయని బయటికి పొక్కితే వీధిలో ఏ జబ్బు పేరు ఎత్తుతారో నీకు తెలుసు. ఆ పేరు ఎత్తాక ఒక్క గుడ్డ ఈ బల్ల ఎక్కదు. పట్నం వెళ్లి డాక్టరుకి చూపించుకుంటాను. ఆ జబ్బు కాదని తేలాక పెద్దదానికి నేనే చెప్తాను. అప్పటిదాకా ఊరుకో."

"ఎప్పుడెళ్తావు?"

"పెళ్లిళ్ల బట్టలు వచ్చి పడ్డాయి. ఇవి అయిపోనీ."

అమ్మ ఊరుకుంది. కానీ ఆ రోజు నుంచి పాప స్నానం నీళ్లు తనే చూసేది. నాన్న పాపను ఎత్తుకుంటే నన్ను ఏదో ఒక పని చెప్పి ఆయన పక్కనే కూర్చోబెట్టేది. నాన్న విరిగిన పిడికి పొడిగుడ్డ దళసరిగా చుట్టుకుని, పెళ్లిళ్ల బట్టలు ఇస్త్రీ చేశాడు. ఎడమ చెయ్యి ఇదివరకులాగే బట్ట మీద ముందు నడిచేది. అలవాటుకొద్దీ.

అమ్మ బట్టల మూటలు ఇళ్లకు చేర్చడానికి వెళ్లిన ఒక మధ్యాహ్నం, అక్క పాప గుడ్డలు ఉతికి, తడిచేతులతోనే వచ్చి పాపను తాకింది. తాకి, మళ్లీ తాకింది.

"ఒసే, దీని ఒళ్లు వెచ్చగా ఉందా? నేను నీళ్లలోంచి వచ్చాను, నాకు అన్నీ వేడిగానే తగులుతాయి. నువ్వు చూడు."

నా కుడిచేతికి ఇంకా గుడ్డ ఉంది. ఎడమచేత్తో చూశాను. "వెచ్చగానే ఉందక్కా" అన్నాను.

"నీ మాట నీకైనా వినపడుతుందా? ఉండు, నాన్ననే అడుగుతాను."

నాన్న తెల్లారినప్పటి నుంచి పెట్టె ముందే నిలబడి ఉన్నాడు. మొహం కందిపోయింది, చెమట గడ్డం మీదుగా కారుతోంది. అక్క పాపను తీసుకొచ్చేసరికి పెట్టె పక్కన పెట్టాడు. కుండ దగ్గరికి వెళ్లాడు. చెయ్యి కడుక్కున్నాడు. తువ్వాలుతో తుడుచుకున్నాడు. వేడి దిగేదాకా నిలబడ్డాడు. ఏదీ తక్కువ చేయలేదు. అక్క చూస్తుండగా పాప నుదుటి మీద అరచెయ్యి పెట్టాడు. పెట్టి నా వైపు చూశాడు. వెంటనే వంగి చెంప ఆనించాడు.

ఆయన భుజాలు తేలికపడ్డాయి.

"లేదమ్మా. చల్లగానే ఉంది. ఇదంతా రేకు వేడి."

"అమ్మయ్య" అంది అక్క. "చూశావే తలుపు పిల్లా? ఊరికే నన్ను హడలగొట్టావు."

ఆయన చెంప ఆనించడం చూసి నేనూ నిశ్చింతగానే ఉన్నాను. టైలరమ్మ కూతురి జ్వరం చెప్పింది ఆ చెంపే. అయితే ఆ పిల్లను చూసిన పొద్దున ఆ చెంప ఇంకా నిప్పుల ముందుకు వెళ్లలేదు. ఈ మధ్యాహ్నం వేడి తెలియని చేతిని కడిగి చల్లార్చాడు. తెలిసే మొహాన్ని నిప్పుల ముందు నుంచి అలాగే తెచ్చాడు. ఆయన చెంపకంటే ఆ మధ్యాహ్నం మా వీధిలో ఏ ఒళ్లయినా చల్లగానే ఉండేది. ఇది నాకు తర్వాత అర్థమైంది. నాన్నకు ఎప్పుడు అర్థమైందో ఆయన చెప్పలేదు.

పాప పడుకుంది. పాలకు లేవలేదు. "ఎండకు సొమ్మసిల్లినట్టు పడుకుంది, లేపకు" అంది అక్క. పొద్దు వాలాక అమ్మ వచ్చి, మూటగుడ్డ భుజం మీద నుంచి దించకుండానే పాపను తాకి, చెయ్యి వెనక్కి లాక్కుంది.

"ఓసి దేవుడా, ఇది నిప్పులా ఉంది! ఎవరూ చూడలేదా?"

ఆటోలో పాపను నాన్నే పట్టుకున్నాడు. నేను నాన్న పక్కన ఇరుక్కుని కూర్చున్నాను. ఎండ పోయినా ఆటో కడ్డీ ఇంకా చురుక్కుమంటోంది. సీటు రెక్సిను వేడిగా ఉంది. బయటి గాలి వేడిగా ఉంది. పాప కాలు గుడ్డలోంచి బయటికి వచ్చింది. లోపల పెడదామని పట్టుకున్నాను.

చల్లగా ఉంది.

ఆ ఎండాకాలమంతటిలో నేను తాకిన చల్లని వస్తువు అదొక్కటే. రెండు అరచేతుల మధ్య పెట్టుకుని రుద్దాను. గుడ్డ చుట్టిన చేత్తో కూడా రుద్దాను. ఎంత వేడి ఇచ్చినా ఆ కాలు తీసుకోలేదు.

"నాన్నా, కాళ్లు చల్లబడ్డాయి."

"ఒళ్లు వెచ్చగానే ఉందమ్మా. పోనీ నాయనా, తొందరగా పోనీ. వెచ్చగానే ఉంది." పాపను గుండెలకు గట్టిగా హత్తుకుని దారి పొడుగునా అదే మాట అన్నాడు. ఆయన చేతులకు వెచ్చనా తెలియదు, చల్లనా తెలియదు. గుండెకు తగిలేది తన వేడేనేమో.

ఆస్పత్రిలో నర్సు పాపను ఆయన చేతుల్లోంచి తీసుకుంది. తీసుకోగానే పరుగెత్తింది. కాసేపటికి డాక్టరమ్మ బయటికి వచ్చి, జ్వరం ఎప్పటి నుంచి అని అడిగింది.

"మధ్యాహ్నం మా నాన్న చూశాడండి" అంది అక్క. "అప్పటికి లేదు. మా నాన్న చెబితే తప్పుండదు."

డాక్టరమ్మ లోపలికి వెళ్లింది. రెండోసారి బయటికి వచ్చినప్పుడు అక్క భుజం మీద చెయ్యి వేసింది. అంతే, మాకు తెలిసిపోయింది.

అక్క ఏడవలేదు. పాప గుడ్డను మడిచి ఒళ్లో పెట్టుకుని బెంచీ మీద కూర్చుంది. అమ్మ గోడకు ఆనుకుని కింద కూలబడింది. ఆటో అతను స్టీలు గ్లాసులో పొగలు కక్కే టీ తెచ్చి అక్క పక్కన పెట్టి, వెళ్లిపోయాడు.

నాన్న వచ్చి అక్క ఎదురుగా నిలబడ్డాడు.

"అమ్మా, మధ్యాహ్నం నాకు తెలియలేదు. నా చేతులకి తెలియట్లేదమ్మా. చలికాలం నుంచీ."

అక్క ఆయన మొహంలోకి చూసింది. పక్కనున్న గ్లాసును అంచు దగ్గర రెండు వేళ్లతో ఎత్తి, గబుక్కున ఆయన అరచేతిలో పెట్టి, తన వేళ్లు చెవికి ఆనించుకుంది. నాన్న గ్లాసును పిడికిలితో పట్టుకున్నాడు. ఆవిరి ఆయన గడ్డం దాకా లేస్తోంది. ఆయన అలాగే నిలబడ్డాడు. అక్క ఆయన మొహంలోకే చూస్తూ కూర్చుంది. ఆ మొహంలో ఏమీ కదల్లేదు.

కాసేపటికి అక్క పాప గుడ్డను మడతల మీద పట్టుకుని, దానితో ఆ గ్లాసు తీసి బెంచీ మీద పెట్టింది.

"ఎవరెవరికి తెలుసు?" అంది.

అమ్మ తల ఎత్తలేదు.

"అమ్మకి, నాకు" అన్నాను. ఆ నడవాలో నా గొంతు అందరికీ వినపడింది.

బావ వచ్చి అక్కను తీసుకెళ్లాడు. వెళ్లే ముందు అక్క పాప గుడ్డలన్నీ తెచ్చి నా ముందు పెట్టి, "ఇస్త్రీ చేసివ్వు" అంది. "నువ్వు చెయ్యి." నాన్న వరండాలోనే ఉన్నాడు. లేచి పెరట్లోకి వెళ్లిపోయాడు. చిన్న చిన్న గుడ్డలు, వాటికి పెట్టె అక్కర్లేదు, చేత్తో రాసినా సాపు అవుతాయి. అయినా ఒక్కొక్కటీ చేసి, మడిచి, వెచ్చగా ఉండగానే ఆమె చేతికిచ్చాను. ఆమె వాటిని మొహానికి ఆనించుకుంది.

వానలు మొదలయ్యాక నాన్నను పట్నం తీసుకెళ్లాం. ఆయన భయపడిన జబ్బు కాదు. షుగరు. ఎన్నేళ్ల నుంచో ఉందట, నరాలను తినేసిందట. మందులతో ఉన్నది ఆగుతుంది, పోయింది రాదు అన్నారు. వడ్రంగి పెట్టెకు లావుపాటి కొత్త పిడి వేశాడు. ఇప్పుడు దాన్ని నేను పట్టుకుంటున్నాను. వీధికి ఎదురుగా నిలబడతాను. తలుపు పిల్ల అనడం అందరూ మానేశారు.

ఒకరోజు టైలరమ్మ మళ్లీ కూతుర్ని ఎత్తుకొచ్చింది. "మామా" అనబోయి ఆగింది. నాన్న చేతులు తువ్వాలు కింద దాచుకుని, "అమ్మాయి ఉందిగా" అన్నాడు.

నేను చెయ్యి కడుక్కుని, తుడుచుకుని, వేడి దిగేదాకా నిలబడ్డాను. పిల్ల నుదుటి మీద చెయ్యి పెట్టాను.

"ఆస్పత్రికి తీసుకెళ్లండత్తా."

"జ్వరం ఉందా?"

"నాకు తెలియదు. తీసుకెళ్లండి."

"తాకి చూశావు కదే!"

"తీసుకెళ్లండి!" అన్నాను. పక్కింటివాళ్లు బయటికి వచ్చి చూసేంత గట్టిగా అన్నాను.

ఎవరొచ్చినా ఆ మాటే చెప్పాను. కొన్నాళ్లకు పిల్లల్ని తీసుకురావడం మానేశారు. బట్టలు మాత్రం వస్తున్నాయి.

సాయంత్రం నిప్పులు తీసేశాక, పెట్టెను బల్ల మూలన పెడతాను. చల్లారితే గాని దాన్ని గూట్లో పెట్టకూడదు. నాన్న వచ్చి దాని పక్కన కూర్చుంటాడు. ఒకప్పుడు తనే తాకి చూసి, తీసి పెట్టేవాడు. ఇప్పుడు చేతులు ఒళ్లో వెల్లకిలా పెట్టుకుని నన్ను అడుగుతాడు.

"చల్లారిందా అమ్మా?"

వేలితో తాకి చూస్తాను.

"ఇంకా లేదు నాన్నా."

"సరే" అంటాడు. అక్కడే కూర్చుంటాడు.